నర్వ్ కండక్షన్ నార్మల్ వస్తే "నరాల నొప్పి కాదు" అని రాసేయొచ్చా?

ఎలక్ట్రోడ్: అరికాళ్ల మంటతో వచ్చినవాళ్లకి నర్వ్ కండక్షన్ (నరాల్లో కరెంటు సంకేతం ఎంత వేగంగా పోతుందో కొలిచే పరీక్ష) రిపోర్టు నార్మల్ వస్తే "నరాల దోషం లేదు" అని రాయడమే సబబని నా వాదన. ఆధారం లేకుండా ప్రీగాబలిన్ (నరాల నొప్పి మందు) మొదలుపెడితే మోకాళ్ల అరుగుదల, కండరాల పట్టు, అన్నీ నరాల ఖాతాలోనే పడతాయి.

సన్ననరం: ఎలక్ట్రోడ్ గారూ, ఆ టెస్టు కొలిచేది మైలిన్ పొర (నరం చుట్టూ ఉండే కొవ్వు తొడుగు) మందంగా ఉన్న లావు నరాలని. మంటని, పోటుని, చలిని మోసే ఎ-డెల్టా, సి అనే సన్న తంతువులు దానికి చిక్కవు. వాటికి చేతి పరీక్షే దిక్కు. కొత్త పిన్నుతో బొటనవేలి నుంచి పైకి గుచ్చుతూ రండి, పోటు ఎక్కడ పదునెక్కుతుందో గుర్తు పెట్టండి. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుని ముందు చల్లగా ఆనించండి, తర్వాత మోగించి పెట్టండి. పోటు, చలి తగ్గి, కంపనం, చీలమండ రిఫ్లెక్సు బాగున్నాయంటే సన్న నరాల జబ్బుని అనుమానించాల్సిందే. ఖాయం చేసుకోవాలంటే చీలమండ బయటి ఎముకకి 10 సెం.మీ. పైన 3 మి.మీ. చర్మం ముక్క తీసి (బయాప్సీ), పైపొరలోని నరాల తంతువులు లెక్కించి, ఆ వయసుకి ఉండాల్సిన సంఖ్యతో పోలుస్తారు. షుగర్, బి12తో పాటు రోగి వాడే విటమిన్ మాత్రలూ అడగండి. బి6 మోతాదు మించితే అది కూడా నరాలని దెబ్బతీస్తుంది.

రిఫ్లెక్స్ సుత్తి: ఇంకోటి. డిస్కు నొక్కి కాలికి పాకే నొప్పిలో దెబ్బ నరం మొదట్లో ఉండే గాంగ్లియాన్‌కి (స్పర్శ నరకణాల ముడికి) లోపలివైపు, వెన్నుపాము దగ్గర ఉంటుంది, అందుకే కాలు మొద్దుబారినా సెన్సరీ (స్పర్శ నరాల) రీడింగు నార్మల్‌గానే వస్తుంది. నీడిల్ ఈఎంజీ (కండరంలో సూది పెట్టి చేసే పరీక్ష) కూడా మొదటి రెండు మూడు వారాల్లో చేస్తే ఏమీ దొరక్కపోవచ్చు. పాదం చల్లగా ఉంటే తప్పు రెండోవైపు తిరుగుతుంది: వేగం తగ్గి, లేని జబ్బు కనబడుతుంది. నరాల నొప్పిని పట్టే డీఎన్4 ప్రశ్నావళిలో 10కి 4 రావడం వడపోత మాత్రమే, నిర్ధారణ కాదు. ఆ మేరకు ఎలక్ట్రోడ్ గారి భయం న్యాయమైనదే.

ఎలక్ట్రోడ్: బయాప్సీ అందరికీ కుదరదు కదా. అప్పుడు మందు వేసి చూడటమేనా?

చివరి మోతాదు: వేసి చూడొచ్చు, లెక్క ప్రకారం వేస్తే. ముందు నొప్పికి 0–10 స్కోరు రాసుకోండి. అమిట్రిప్టిలిన్ రాత్రి 10 మి.గ్రా.తో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. పెద్దవాళ్లకి ముందు ఈసీజీ, ప్రోస్టేట్, గ్లకోమా సంగతి చూసుకోవాలి. డులాక్సెటిన్ అయితే వారం 30 మి.గ్రా., తర్వాత 60. ప్రీగాబలిన్ కిడ్నీల పనితీరుని బట్టి. మత్తు, కాళ్ల వాపు వస్తాయని ముందే చెప్పాలి, ఓపియాయిడ్లతో కలిస్తే ఊపిరికి ముప్పు. పెంచడానికి పట్టే కాలంతో కలిపి ఆరేడు వారాలు చూడండి. కనీసం 30 శాతం తగ్గకపోతే మెల్లగా దించి ఆపేయాలి. చెడేది ఇక్కడే: రాత్రికి ప్రీగాబలిన్ 75 మి.గ్రా. ఒకటి రాసి, పెంచరు, ఆపరు, నెలలు గడుస్తాయి. సయాటికాకైతే (నడుము నుంచి కాలికి పాకే నొప్పికి) ప్రీగాబలిన్ పనిచేయలేదని 2017లో వచ్చిన ప్రిసైస్ అనే ట్రయల్ చూపింది, అయినా చీటీల్లో అదే.

ఎలక్ట్రోడ్: సరే, రిపోర్టులో వాక్యం మారుస్తాను: "లావు నరాల్లో దోషం కనబడలేదు, సన్న నరాల గురించి ఈ పరీక్ష చెప్పదు." కానీ పిన్ను కూడా పట్టుకోకుండా మందు రాసేవాళ్ల మీద నా అభ్యంతరం అలాగే ఉంది.

సన్ననరం: అందులో మనకి తగాదా లేదండీ.