మేనత్త ఖాతాలో డబ్బు, 406 + 420 శిక్ష: అప్పీల్లో ఏది నిలబడుతుంది?

లెడ్జర్‌పురుగు: మేనత్త, మేనల్లుడి పేర్ల మీద ఐదర్ ఆర్ సర్వైవర్ ఖాతా (ఇద్దరిలో ఎవరి సంతకంతోనైనా డబ్బు తీసుకోవచ్చు). పెద్దావిడకి 81 ఏళ్లు, జమలన్నీ ఆవిడ పింఛను, ఎఫ్‌డీలవే. 2019 నుంచి 2022 దాకా మేనల్లుడు తీసింది 11 లక్షలు. మేజిస్ట్రేటు ఐపీసీ (2024 జులైకి ముందు నేరాలకి వర్తించే పాత శిక్షాస్మృతి) 406 (నమ్మకద్రోహం), 420 (మోసం) కింద రెండేళ్లు వేశారు. అప్పీలుకి గడువెంత? ఏ గ్రౌండు (వాదన) ముందు పెట్టాలి? డబ్బు కట్టేస్తే పనవుతుందా?

నకలుదరఖాస్తు: సెషన్సు కోర్టుకి 30 రోజులు. తీర్పు నకలుకి పట్టిన రోజులు లిమిటేషన్ (గడువుల) చట్టం సెక్షన్ 12 కింద లెక్కలోంచి పోతాయి గానీ, నకలు వెనక ముద్ర చూసుకోండి. స్టాంపులు అడిగిన తేదీకీ మీరు కట్టిన తేదీకీ మధ్య ఆలస్యం మీ గడువు లెక్కలోకే వస్తుంది. చాలామంది అక్కడే దెబ్బతింటారు.

అడ్డసవాలు: జాయింటు ఖాతా అంటే ఇద్దరిదీ. ఇందులో నేరమేముంది? మొదటి వాయిదాకే కొట్టేయాలి.

మూడోబెంచి: ఐదర్ ఆర్ సర్వైవర్ అనేది ఎవరి సంతకానికి డబ్బివ్వాలో బ్యాంకుకి చెప్పే మాట. డబ్బెవరిదో అది చెప్పదు. జమలన్నీ ఆవిడవైతే ఆ వాదన నిలవదు.

అడ్డసవాలు: 406కి కావాల్సిన అప్పగింత రుజువైందా? ఖాతా ఫారంలో పేరు రాయించుకుంటే అప్పగించినట్టా?

మూడోబెంచి: నమ్మకద్రోహాన్ని నిర్వచించే 405 పూర్తిగా చదవండి సార్. ఆస్తినే కాదు, ఆస్తి మీద ఆధిపత్యం అప్పగించినా చాలు. సగం సెక్షన్‌తో వాదించొద్దు.

అడ్డసవాలు: చదివాకే రాశాను. ఆధిపత్యం ఉంటే సరిపోదు, దురుద్దేశం కూడా ఉండాలి. ఆవిడ మందులకి, ఆయాకి పెట్టిన డబ్బు కూడా కాజేసిన లెక్కలో కలిపేస్తారా?

మూడోబెంచి: ఇది ముందే అనాల్సింది. బ్యాంకు స్టేట్‌మెంటు పక్కన నెలవారీగా మందుల బిల్లులు, ఆయా జీతం, కరెంటు బిల్లు వేసి తీసేయండి. మిగిలిన మొత్తం అతని ఈఎంఐ తేదీలతో సరిపోతే మాత్రం ఏ గ్రౌండూ కాపాడదు.

ఛార్జిషీటు_రాజు: ఇంత గోలలో సీఆర్‌పీసీ (2024 జులై దాకా ఉన్న క్రిమినల్ విచారణ విధానాల చట్టం) 212(2) నేను తప్ప ఎవరూ తెరిచినట్టు లేరు. నమ్మకద్రోహంలో మొత్తం సొమ్ము ఒకే ఛార్జీగా (అభియోగంగా) వేయొచ్చు, కానీ మొదటి తేదీకీ చివరి తేదీకీ మధ్య ఏడాది దాటకూడదు. ఇక్కడ మూడేళ్లు!

మూడోబెంచి: రాజుగారూ, అదే చట్టంలో 464 ఉంది. ఛార్జీలో తప్పు వల్ల న్యాయానికి భంగం కలిగిందని చూపకపోతే శిక్ష పోదు.

ఛార్జిషీటు_రాజు: అందుకే దాన్ని 313తో, అంటే సాక్ష్యం గురించి నిందితుణ్ణి కోర్టు అడిగే ప్రశ్నలతో, కట్టాలి. ‘11 లక్షలు తీశారట, ఏమంటారు?’ అని ఒకే ప్రశ్న వేసి ఊరుకున్నారా, విత్‌డ్రాయల్స్ ఒక్కొక్కటీ అడిగారా? ఆ పేజీ తెచ్చి మాట్లాడండి.

నకలుదరఖాస్తు: 406, 420 ఒకే వాస్తవాల మీద కలిసి నిలవవు. ఢిల్లీ రేస్ క్లబ్ కేసు, సుప్రీంకోర్టు, 2024. మోసానికి మొదట్నుంచీ దురుద్దేశం ఉండాలి. నమ్మకద్రోహంలో ఆస్తి సక్రమంగానే చేతికొచ్చి, తర్వాత బుద్ధి మారుతుంది.

అడ్డసవాలు: అయితే నిర్దోషే!

నకలుదరఖాస్తు: తొందరెందుకు? 420 పోయినా 406 మిగులుతుంది, దానికి మూడేళ్ల దాకా వేయొచ్చు.

గుమస్తా_2: స్టేట్‌మెంటుకి 65బి సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డుకి ధ్రువపత్రం) లేదని రాస్తే?

మూడోబెంచి: దాన్ని ఎగ్జిబిట్‌గా (సాక్ష్యపు పత్రంగా) మార్కు చేసే రోజు అభ్యంతరం చెప్పారా? అప్పుడు మౌనంగా ఉండి ఇప్పుడు లేపితే బరువుండదు. పైగా ప్రాసిక్యూషన్ సీఆర్‌పీసీ 391 కింద అదనపు సాక్ష్యం అడిగితే, ఉన్న లొసుగు కూడా పూడిపోతుంది.

లెడ్జర్‌పురుగు: డబ్బు కట్టే సంగతి ఎవరూ చెప్పలేదు.

నకలుదరఖాస్తు: ఊరికే కట్టేస్తే నేరం పోదు, శిక్ష తగ్గించమనడానికి పనికొస్తుంది. రాజీకి సీఆర్‌పీసీ 320 కింద అప్పీలు కోర్టు అనుమతి కావాలి, పెద్దావిడ ఒప్పుకోవాలి. ఆవిడ లేకపోతే వారసులు.

గుమస్తా_2: వారసుల్లో ఈ మేనల్లుడే నామినీ అయితే?

మూడోబెంచి: నామినీ వేరు, వారసుడు వేరు. దీనికి వేరే చర్చ తెరవండి బాబూ.