వెదురు విల్లు నేర్చుకోవడం, వేట నీతి: సరిహద్దు జిల్లాల వాళ్లు చెప్పండి

సిరోంచ రైతు:
మాది గడ్చిరోలి జిల్లా, సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున ఊరు. మావాడు తొమ్మిదో తరగతి. పక్క ఊరి మాడియా గిరిజన పెద్దాయన వాడికి వెదురు విల్లు చేసిచ్చాడు. అప్పటి నుంచి ధ్యాసంతా దాని మీదే. ఫోన్లో అమెరికా వాళ్ల వేట వీడియోలు చూసి, మన మక్క చేను తొక్కుతున్న అడవి పందిని కొడతానంటున్నాడు. విల్లు మాన్పించడం నాకిష్టం లేదు, మంచి విద్య అది. కానీ వేట సంగతి ఏం చెప్పాలి? పద్ధతిగా ఎలా నేర్పించాలి?

మోటు శబరి:
అన్నా, మాది మల్కనగిరి జిల్లా. ముందు చట్టం చెప్తా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. తుపాకీ అయినా విల్లు అయినా ఒకటే, అడవి పందికి కూడా వర్తిస్తుంది. గిరిజనులకు మినహాయింపు ఉందని చాలామంది అనుకుంటారు. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, తునికాకు లాంటి వాటి మీద హక్కు ఇచ్చింది గానీ, సంప్రదాయ వేట హక్కు ఇందులో చేరదని అందులోనే స్పష్టంగా రాసి ఉంది. పంటను పాడుచేసే జంతువును చంపాలంటే 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. మీరు చేయాల్సింది చేను ఫొటోలు తీసి, పంచనామా చేయించి, ఫారెస్టు ఆఫీసులో నష్టపరిహారానికి అర్జీ పెట్టడం.

ఇంకో మాట. పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం ఎవరూ పెట్టకండి. దానికి ఏనుగూ పులీ చస్తాయి, రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషీ చస్తాడు. తిండిలో దాచిపెట్టే నాటు బాంబు అంతకంటే దారుణం. దవడ పగిలిన పంది రోజుల తరబడి తిండి లేక తిరిగి చస్తుంది.

గుణుపూర్ డ్రిల్లు మాస్టర్:
మీ అబ్బాయి విల్లు గురించి నేను చెప్తాను. రాయగడ జిల్లాలో పిల్లలకు చాలాకాలం నేర్పించాను.

మొదట విల్లు బిగువు చూడండి. ఆ వయసు పిల్లాడికి 20 పౌండ్లు, అంటే తొమ్మిది కిలోల లాగుడు చాలు. పెద్దవాళ్ల విల్లు ఇస్తే భుజం పైకెత్తి, నడుము వంచి లాగుతాడు. ఆ అలవాటు పడితే తర్వాత వదిలించడం చాలా కష్టం. ఏ కన్ను బలమైనదో కూడా చూడాలి. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న చెట్టు వైపు వేలు చూపించమనండి. ఒక్కో కన్ను మూస్తే, ఏ కన్ను తెరిచినప్పుడు వేలు కదలకుండా అక్కడే ఉందో అదే బలమైనది. కుడి కన్ను అయితే ఎడమ చేత్తో విల్లు పట్టాలి.

వెదురులో పై తొక్క దగ్గర పీచు దట్టంగా ఉంటుంది, బలమంతా అక్కడే. ఆ వైపు కత్తి గాటు పడితే విల్లు అక్కడే విరుగుతుంది, రోజూ తడిమి చూడమనండి. బాణం లేకుండా ఖాళీగా లాగి వదలడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. బాణానికి వెళ్లాల్సిన బలమంతా విల్లుకే తగులుతుంది. పని అయ్యాక నారి విప్పేయాలి. ప్రతి బాణాన్నీ వేసే ముందు కొద్దిగా వంచి, పగులు ఉందేమో చూడాలి. పగిలిన బాణం చేతిలో గుచ్చుకుంటే చెయ్యి పోతుంది. లక్ష్యం వెనక మనిషి గానీ మేక గానీ దారి గానీ ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో నేను పిల్లలకు రెండో అవకాశం ఇవ్వను.

బరంపురం శ్రీను:
ఆ వీడియోల గురించి ఒక మాట. మా అన్న అమెరికాలో ఉంటాడు, అక్కడ లైసెన్సు మీద విల్లుతో జింకను వేటాడతాడు. చాలా రాష్ట్రాల్లో దానికి ముందు కోర్సు చేయాలి. బ్రిటన్, జర్మనీల్లో విల్లు వేట నిషేధం. బాణం తూటాలా దెబ్బతో పడేయదు, కోసుకుంటూ పోతుంది. ఊపిరితిత్తులకో గుండెకో తగిలితే రక్తం పోయి తొందరగా చస్తుంది. పొట్టలో తగిలితే గంటల తరబడి నరకం.

మామూలు విల్లు బాణం సెకనుకు 45 మీటర్ల చొప్పున వెళుతుంది అనుకోండి. 20 మీటర్లకు దాదాపు అర సెకను. నారి చప్పుడు మాత్రం సెకనుకు 340 మీటర్ల వేగంతో ముందే చేరుతుంది. జింక ఉలిక్కిపడి కిందికి వంగేస్తుంది, గుండెకు గురిపెట్టిన బాణం వీపు మీద పడుతుంది. అందుకే అన్న జింక అడ్డంగా, ప్రశాంతంగా, దగ్గరగా నిలబడితే తప్ప వేయడు. తగిలాక కనీసం అరగంట ఆగుతాడు, వెంటనే తరిమితే గాయంతోనే దూరం పారిపోతుందని. సీజనంతా తిరిగి ఒక్క బాణం కూడా వేయకుండా వచ్చిన సంవత్సరాలు ఉన్నాయి. వీడియోల్లో ఈ ఖాళీ రోజులు ఎవరూ చూపించరు.

కోయ కుర్రాడు కలిమెల:
అందరూ చట్టం చెప్తున్నారు, సరే. మా పెద్దలకు కూడా నీతి ఉందండీ. విత్తనాల పండగకు విల్లు పట్టుకుని అడవిలోకి వెళ్లడం మా తాతల నాటి ఆచారం. కడుపుతో ఉన్నదాన్ని, పిల్లతో ఉన్నదాన్ని, నీళ్లు తాగుతున్నదాన్ని కొట్టొద్దని తాత చెప్పేవాడు. బయటి వాళ్లు మమ్మల్ని క్రూరులు అనుకుంటే బాధేస్తుంది. అడవి నరికింది మేం కాదు.

మోటు శబరి:
తమ్ముడూ, నీ మాట న్యాయం. తాత చెప్పిన ఆ నియమాలు రాసి పెట్టు, అవి పోకూడదు. కానీ అప్పుడున్నంత అడవీ లేదు, జంతువులూ లేవు. ఇప్పుడు కేసు పడితే పోయేది మన పిల్లల భవిష్యత్తే.

గుణుపూర్ డ్రిల్లు మాస్టర్:
కలిమెల బాబూ, మీ ఊళ్లో పిల్లలకు విల్లు వచ్చా? మన దేశంలో పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఉంది. అందులో వెదురు, చెక్క విల్లులే వాడతారు, 50, 30 మీటర్ల దూరాలు. లింబారామ్ గారు రాజస్థాన్ అడవి పల్లెలో వెదురు విల్లుతో మొదలుపెట్టి ఒలింపిక్స్ దాకా వెళ్లారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ, నాగ్‌పూర్ కుర్రాడు ఓజస్ చెరి మూడు బంగారు పతకాలు తెచ్చారు. అడవిలో గురి నేర్చుకున్న మీ పిల్లలకు మైదానంలో చోటు దొరకాలన్నదే నా తపన.

కోయ కుర్రాడు కలిమెల:
వచ్చు మాస్టారూ, చాలామందికి వచ్చు. ఎవరిని కలవాలో తెలియదు, అంతే.

గుణుపూర్ డ్రిల్లు మాస్టర్:
జిల్లా క్రీడా అధికారి ఆఫీసులో అడుగు. అర్జీ ఎలా రాయాలో నాకు మెసేజ్ పెట్టు, చూసి పంపిస్తాను.

సిరోంచ రైతు:
అందరికీ చాలా థాంక్స్. శ్రీను గారి చప్పుడు లెక్క మావాడికి చదివి వినిపించాను. నిజంగా 20 మీటర్లకు అర సెకనేనా అని తనే లెక్క వేసుకుని చూశాడు. పంది మాట ఎత్తడం లేదు, ఇప్పుడు లక్ష్యం కావాలంటున్నాడు. ఇంట్లో ఏం చేసిపెట్టాలి మాస్టారూ? బాణాలు ఎంత పొడవుండాలి?

గుణుపూర్ డ్రిల్లు మాస్టర్:
గోనె సంచిలో పాత బట్టలు గట్టిగా కూరి కుట్టేయండి, మట్టి దిబ్బకు ఆనించి పెట్టండి. మొదట అయిదారు మీటర్ల నుంచి వేయించండి. బాణం కొసలు పదునుగా వద్దు. పొడవుకు, రెండు చేతులూ బార చాపమని ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకు కొలిచి, రెండున్నరతో భాగించండి. వచ్చినదానికి రెండు అంగుళాలు కలిపి కోయండి. పిల్లాడు ఎదుగుతున్నాడు కాబట్టి ఆరు నెలలకోసారి మళ్లీ కొలవాలి.