పీజీ సీటు వచ్చేదాకా ఆటలు, స్నేహాలు మానుకోవాల్సిందేనా?

ఫస్టియర్, గుంటూరు
మాది విజయవాడ. ఎంబీబీఎస్ ఇప్పుడే మొదలైంది. సాయంత్రం క్లాసులయ్యాక కాసేపు షటిల్ ఆడతాను, ఆదివారం ఇంటికి వెళ్లొస్తాను. రూమ్మేట్లేమో పీజీ సీటు కొట్టేదాకా ఇవన్నీ కట్టిపెట్టమంటున్నారు. ఇంట్లోనూ అదే మాట. సీనియర్లు ఏమంటారు?

పీజీ ప్రిపరేషన్‌లో ఉన్న సీనియర్
మానుకోవాల్సిందే తమ్ముడూ. నీట్ పీజీలో మూడున్నర గంటల్లో 200 ప్రశ్నలు, పందొమ్మిది సబ్జెక్టులు. ఇప్పుడు అనాటమీ పైపైన చదివితే చివర్లో మళ్లీ మొదటికొస్తుంది. స్నేహితులు ఎక్కడికీ పోరు.

హౌస్ సర్జన్, గుంటూరు
సబ్జెక్టుల బరువు గురించి అన్న చెప్పింది నిజమే. స్నేహితులు ఎక్కడికీ పోరన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. మనలో చాలామంది ఇంటర్ రెండేళ్లూ బెజవాడ రెసిడెన్షియల్ కాలేజీల్లో స్టడీ అవర్ల మధ్యే గడిపాం. కొందరికి ఆపైన లాంగ్ టర్మ్, అంటే సీటు కోసం ఇంకో ఏడాది కోచింగ్. సీటు వచ్చేదాకా ఓర్చుకోమన్నారు, ఓర్చుకున్నాం. ఇప్పుడు పీజీ అంటున్నారు, తర్వాత సూపర్ స్పెషాలిటీ అంటారు. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మూడేళ్ల పీజీ, ఆపైన ఇంకో మూడేళ్లు. అప్పటికి ముప్పై దగ్గర పడతాయి. అన్నాళ్లు పలకరించకపోతే ఎవరు మిగులుతారు?

ఇంకో సంగతి. మెడిసిన్ వార్డులో మా పోస్టింగ్ అప్పుడు మిర్చి యార్డులో పనిచేసే ఒకామె దగ్గుతో చేరింది. మార్కుల్లో ముందుండే మా బ్యాచ్‌మేట్ ఎన్నాళ్లనుంచి, కఫం పడుతోందా అని వరసగా అడిగాడు. ఆమె అవును, కాదు అంటూ తల ఊపింది, అంతే. తర్వాత వెళ్లిన అమ్మాయి "ఏ ఊరు పిన్నీ, యార్డులో ఏం పని చేస్తావు?" అని మంచం పక్కన కూర్చుంది. తొడిమలు తీస్తాననీ, పనికి వెళ్లని రోజు దగ్గు తగ్గుతుందనీ ఆమే చెప్పుకొచ్చింది. రోగం ఎటువైపు వెతకాలో ఆ ఒక్క మాటతో తెలిసింది. అలా మాట్లాడటం నలుగురిలో తిరిగితేనే అబ్బుతుంది.

2019లో వచ్చిన ఎంబీబీఎస్ కొత్త కరిక్యులమ్‌లో, చదువు మొదట్లో ఉండే ఫౌండేషన్ కోర్సులోనే ఆటలకు గంటలు కేటాయించారు. అవి పనికిరానివైతే ఎందుకు పెడతారు?

డే స్కాలర్, విజయవాడ
అన్నా, ఆడుకోవాలన్నా మాకు టైమేదీ? రోజూ బస్సులో గుంటూరు వచ్చి పోయేసరికే ఒళ్లు హూనం. హాస్టల్ అమ్మాయిలకేమో గేటు టైము. అబ్బాయిలు ఆడుకుని వచ్చి చదువుకుంటారు, వీళ్లు చీకటి పడకముందే లోపల ఉండాలి. ఈ సంగతి ఎవరూ ఎత్తరేం?

పీజీ ప్రిపరేషన్‌లో ఉన్న సీనియర్
గేటు టైము గురించి నువ్వన్నది న్యాయమే అమ్మా. నా భయమల్లా ఒకటే. థియరీకి 75, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు ఉండాలి. అది తగ్గి పరీక్షకు కూర్చోలేకపోయినవాళ్లను చూశాను.

హౌస్ సర్జన్, గుంటూరు
క్లాసు ఎగ్గొట్టి తిరగమని నేనూ అనను. చెల్లీ, హాస్టల్ అమ్మాయిలందరినీ కలిసి వార్డెన్ మేడమ్‌ని అడగమను, కాలేజీ గ్రౌండ్ వరకైనా సాయంత్రం ఇంకో గంట వదలమని. తమ్ముడూ, ఇంటర్నల్స్ ముందు వారం షటిల్ ఆపు. ఆదివారం ఇల్లు మాత్రం ఆపకు. పరీక్షలున్నా సరే, అమ్మ చేతి అన్నం తిని సాయంత్రానికి వచ్చెయ్.