ఇంపీచ్ అయిన గవర్నర్ పదవిలో ఎలా కొనసాగుతాడు?

డాలస్ నాన్న:
అందరికీ నమస్కారం. మా పాపకి సివిక్స్ క్లాసులో రాష్ట్ర గవర్నర్ల అభిశంసన మీద ప్రాజెక్టు ఇచ్చారు. తను లూసియానా గవర్నర్ హ్యూయీ లాంగ్‌ని తీసుకుంది. 1929లో ఆయన్ని ఇంపీచ్ చేశారట. అయినా పదవి పోలేదు, పైగా తర్వాత వాషింగ్టన్‌కి సెనేటర్‌గా వెళ్ళాడు. "మరి ఇంపీచ్ చేసి ఏం లాభం నాన్నా?" అని అడిగితే నీళ్ళు నమిలాను. విచారణ జరుగుతున్నన్నాళ్ళు ఫైళ్ళ మీద సంతకాలు ఎవరు పెడతారు? ముందే రాజీనామా చేసేస్తే కేసు అక్కడితో ఆగిపోతుందా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

స్ప్రింగ్‌ఫీల్డ్ పాతకాపు:
నమస్తే అండి. 2008-09లో ఇల్లినాయ్ గవర్నర్ బ్లగోయెవిచ్ వ్యవహారం నడిచినప్పుడు నేను రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఉన్నాను. ఒక ప్రభుత్వ శాఖలో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని. ఆ జనవరిలో మా ఆఫీసులో కోడ్ రాసినదానికంటే సెనేట్ లైవ్ వీడియో చూసిందే ఎక్కువ. కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఓపిక పట్టండి.

రాష్ట్ర చట్టసభలో దిగువ సభ ఓటు వేసి ఇంపీచ్ చేసిందంటే నేరారోపణ పత్రం దాఖలైనట్టు, అంతే. దోషి అవునా కాదా అన్నది తేల్చేది రాష్ట్ర సెనేట్, అంటే ఎగువ సభ. దిగువ సభలో మామూలు మెజారిటీ సరిపోయే రాష్ట్రాల్లో కూడా సెనేట్‌లో సాధారణంగా మూడింట రెండు వంతుల మంది అవునంటేనే పదవి ఊడుతుంది. హ్యూయీ లాంగ్ బతికి బట్టకట్టింది అక్కడే. లూసియానా సెనేట్‌లో అప్పుడు 39 మంది. దోషిగా తేల్చాలంటే 26 ఓట్లు కావాలి, అంటే 14 మంది అడ్డం తిరిగితే చాలు. ఆయన 15 మందిని పట్టాడు. సాక్ష్యం ఏదైనా సరే, మేం దోషి అని ఓటు వెయ్యం అని ఒక కాగితం మీద సంతకాలు పెట్టించాడు. ఆరోపణలు చట్టబద్ధంగా ఆమోదం పొందలేదు కాబట్టి చెల్లవన్నది వాళ్ళు చూపిన సాకు. ఆ కాగితం బయటపడ్డాక విచారణ జరిపి ప్రయోజనం లేదని అందరికీ అర్థమైంది, సభ వాయిదా పడింది. గొడవ మొదలైందే శుద్ధి చేసిన చమురు మీద పీపాకి 5 సెంట్ల పన్ను వేద్దామన్నందుకు. అవతల ఉన్నది స్టాండర్డ్ ఆయిల్ అనే పెద్ద చమురు కంపెనీ. పాప ప్రాజెక్టులో ఈ పన్ను సంగతి తప్పకుండా పెట్టమనండి. లాంగ్ మీద ఆరోపణలు ఉత్తవని నేను అనను, కానీ పన్ను జోలికి పోకపోతే అవి అంత దూరం వచ్చేవి కావు.

ఇక సంతకాల సంగతి. ఇల్లినాయ్‌లో సెనేట్ తీర్పు వచ్చేదాకా గవర్నర్ గవర్నరే. బ్లగోయెవిచ్‌ని ఎఫ్‌బీఐ 2008 డిసెంబర్ 9న అరెస్ట్ చేసింది. ఒబామా ఖాళీ చేసిన వాషింగ్టన్ సెనేట్ సీటుని అమ్మకానికి పెట్టాడన్నది అందులో పెద్ద ఆరోపణ. అలాంటి మనిషి డిసెంబర్ 30న, బెయిల్ మీద ఉండి, అదే సీటులో రోలండ్ బరిస్‌ని నియమించాడు! అధికారం ఆయనదే, చట్టప్రకారం ఎవరూ ఆపలేకపోయారు. మా బాస్ ఆ వార్త చూసి కాఫీ కప్పు కింద పెట్టడం మర్చిపోయాడు.

దిగువ సభ జనవరి 9న 114-1తో ఇంపీచ్ చేసింది. ఐదు రోజులకి కొత్త సభ కొలువుదీరింది కాబట్టి మళ్ళీ ఓటు వెయ్యాల్సొచ్చింది, 117-1. ఆ రెండోసారి వద్దని వేసిన ఒక్క ఓటు ఆయన భార్య చెల్లెలిది. పాపం, ఆవిడ అప్పుడే కొత్తగా గెలిచి సభలో అడుగుపెట్టింది.

సెనేట్ విచారణకి రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షత వహించారు. ఇక్కడ విచారణ మొదలైతే గవర్నర్‌గారు న్యూయార్క్ వెళ్ళి టీవీ షోల్లో కూర్చున్నారు. చివరి రోజు వచ్చి సెనేటర్ల ముందు ముప్పావు గంటసేపు మాట్లాడారు, ప్రమాణం చేసి సాక్ష్యం మాత్రం ఇవ్వలేదు. జనవరి 29న సెనేట్ 59-0తో ఆయన్ని తీసేసింది. రాష్ట్రంలో ఇంకెప్పుడూ పదవి చేపట్టకూడదని ఇంకో ఓటు, అదీ 59-0. లెఫ్టినెంట్ గవర్నర్ పాట్ క్విన్ అదే రోజు గవర్నర్ అయ్యారు. టోల్ రోడ్ల బోర్డుల మీద పాతాయన పేరు పెద్దక్షరాల్లో ఉండేది, ఆ తర్వాత దాన్ని తీసేశారు.

ఫీనిక్స్ రామం:
అన్ని రాష్ట్రాల్లో ఇలా ఉండదు. మా ఆరిజోనాలో దిగువ సభ ఓటు పడగానే అధికారాలు చేజారతాయి. 1988 ఫిబ్రవరిలో గవర్నర్ ఎవన్ మెకమ్‌ని ఇంపీచ్ చేస్తే, సెక్రటరీ ఆఫ్ స్టేట్ (రాష్ట్ర కార్యదర్శి) రోజ్ మోఫర్డ్ వెంటనే తాత్కాలిక గవర్నర్ అయ్యారు. ఏప్రిల్‌లో సెనేట్ తీసేసింది, కానీ మళ్ళీ పోటీ చెయ్యకుండా నిషేధించడానికి ఓట్లు చాల్లేదు. ఆయన 1990లో మళ్ళీ బరిలోకి దిగాడు కూడా. ఇంకో విచిత్రం: సెనేట్ తీసేసిన తర్వాత క్రిమినల్ కోర్టు ఆయన్ని నిర్దోషి అంది.

గ్రూప్స్ అభ్యర్థి:
మన గవర్నర్‌కి కూడా ఇలాంటిది ఉందా? రాష్ట్రపతికి అభిశంసన ఉందని చదివాను.

స్ప్రింగ్‌ఫీల్డ్ పాతకాపు:
లేదు బాబూ. మన దగ్గర గవర్నర్‌ని రాష్ట్రపతి నియమిస్తారు, 156వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతవరకే ఆ పదవి. తొలగించే దారి అసెంబ్లీ చేతిలో లేదు. అభిశంసన పెట్టాలని పూంఛీ కమిషన్ 2010లో సిఫార్సు చేసింది, అది అమల్లోకి రాలేదు. అమెరికాలో గవర్నర్ జనం ఎన్నుకున్నవాడు, మన లెక్కలో ముఖ్యమంత్రి లాంటివాడు. రెండూ కలిపి పరీక్షలో రాయకండి.

డాలస్ నాన్న:
చాలా థ్యాంక్స్ అండి. రాజీనామా సంగతి మాత్రం మిగిలిపోయింది.

స్ప్రింగ్‌ఫీల్డ్ పాతకాపు:
అవునండీ, దానికి మీ టెక్సస్ కేసే ఉంది. 1917లో ఇంపీచ్ అయిన గవర్నర్ జేమ్స్ ఫర్గూసన్. టెక్సస్ విశ్వవిద్యాలయానికి నిధులు ఆపేసి అందరితో తగువు తెచ్చుకున్నాడు. సెనేట్ తీర్పు ప్రకటించడానికి ఒక్క రోజు ముందు రాజీనామా చేసి, నేను ముందే దిగిపోయాను కాబట్టి మీ నిషేధం నాకు వర్తించదన్నాడు. ఆ వాదన నిలబడలేదు. దాంతో 1924లో భార్య మిరియంని నిలబెట్టాడు, ఆవిడ గెలిచి గవర్నర్ అయింది. ఎవరి పాలనో జనానికి తెలియదా!

అయితే ఈ రోజుల్లో ఎక్కువమంది అంతదాకా ఆగరు. 2018లో మిస్సోరీలో ఎరిక్ గ్రైటెన్స్, 2021లో న్యూయార్క్‌లో ఆండ్రూ కువోమో, ఇద్దరు గవర్నర్లూ దిగువ సభలో ఓటు పడకముందే తప్పుకున్నారు. ఓటు పడకపోతే రికార్డులో ఇంపీచ్ అయినట్టు ఉండదు, నిషేధమూ ఉండదు. కువోమో 2025లో న్యూయార్క్ మేయర్ పదవికి పోటీ చేయగలిగాడంటే అందుకే. పాపకి టైముంటే లాంగ్ పక్కన ఫర్గూసన్‌ని కూడా పెట్టమనండి. సొంత రాష్ట్రం కేసు కదా, టీచర్ కూడా ఆసక్తిగా వింటారు.