బరువు బ్యాగుతో నడక: 15 కిలోలతో మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న:
రోజూ ముప్పావుగంట నడుస్తాను, ఈ మధ్య అది మరీ తేలికైపోయి చెమట కూడా సరిగా పట్టట్లేదు. పరుగు నాకు పడదు. అందుకే బ్యాక్‌ప్యాక్‌లో బరువు వేసుకుని నడుద్దామనుకుంటున్నా. నా బరువు 70 కిలోలు. మోకాళ్ల గురించే టెన్షన్. చేస్తున్నవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు:
15 వద్దండీ. ఒంటి బరువులో పదో వంతు, అంటే మీకు 7 కిలోలు మించొద్దు, అదీ మొదట్లో వారానికి రెండుసార్లు చాలు. ఆయాసం తొందరగానే తగ్గుతుంది కానీ ఎముకలు, కీళ్లు అంత తొందరగా అలవాటు పడవు, ఊపిరి బాగానే ఆడుతోంది కదా అని బరువు పెంచేస్తూ పోతే పాదం ఎముకల్లో సన్నటి పగుళ్లు రావొచ్చు, సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకి ఇది మామూలుగా వచ్చే గాయమే. నీళ్ల సీసాలు పెట్టుకోండి. లీటరంటే కిలో, దారిలో మోకాలు పట్టేస్తే పారబోసి తేలిగ్గా వచ్చేయొచ్చు.

జవాబు:
పైవారు చెప్పింది కరెక్ట్. ఇంకోటి, బరువు బ్యాగు అడుగుకి జారితే వెనక్కి లాగుతుంది, దాన్ని ఆపడానికి మీరు ముందుకి వంగుతారు, నడుం నొప్పి అక్కడే మొదలు. అడుగున దుప్పటి కుక్కి, సీసాలు దానిపైన వీపుకి ఆనేలా సర్దండి. నడుం బెల్టు ఉన్న బ్యాగైతే మరీ మంచిది, భుజాల మీద భారం తగ్గుతుంది. చెయ్యి తిమ్మిరెక్కితే మాత్రం ఓర్చుకోకండి, వెంటనే దించేయండి. పట్టీ భుజం దగ్గర నరాలని నొక్కుతోందని అర్థం, అలాగే మోస్తే చెయ్యి బలహీనపడిన కేసులు కూడా ఉన్నాయి.

జవాబు:
అసలు బరువు మీదే అంత పట్టుదల ఎందుకు? మోతతో నడిచేటప్పుడు ఖర్చయ్యే శక్తికి 1977లో పాండాల్ఫ్ బృందం ఇచ్చిన సూత్రం ఉంది. మీ లెక్కే వేసి చూశా: గంటకి 5 కిలోమీటర్ల వేగంతో చదును నేల మీద 7 కిలోలు మోస్తే ఖర్చు పెరిగేది సుమారు 7 శాతమే. అదే బ్యాగుతో 5 శాతం వాలున్న ఎత్తు ఎక్కితే అది మరో సగానికి పైగా పెరుగుతుంది! కాబట్టి 5 కిలోలు చాలు, కాస్త ఎత్తున్న దారి వెతుక్కోండి. దిగేటప్పుడే మోకాళ్ల మీద ఎక్కువ పడేది, అక్కడ చిన్న అడుగులతో మెల్లగా దిగండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ అందరికీ. 5 లీటర్లతో మొదలుపెడతా. ఇప్పటికే మోకాలు నొప్పి ఉన్న అన్నయ్య కూడా వస్తానంటున్నాడు, తనకి బ్యాగు వద్దని చెప్పేదా?

జవాబు:
ముందు డాక్టర్‌కి చూపించమనండి. అప్పటిదాకా ఖాళీ చేతులతో మీ పక్కన నడవనివ్వండి.