ఎయిర్ సప్లై ప్రేమగీతాలు ఇంతకాలం ఎలా నిలిచాయి?

1975లో ఆస్ట్రేలియాలో ఒక సంగీత నాటకంలో పనిచేస్తూ పరిచయమైన గ్రాహం రసెల్, రసెల్ హిచ్‌కాక్‌ల జంట ఎయిర్ సప్లై పాటలను కళాశాల రోజుల్లో క్యాసెట్ టేపు సాగిపోయేదాకా విన్నాను. ఇప్పుడు మా అమ్మాయి అవే పాటలను ఫోనులో పదేపదే వింటుంటే, వాటిలో ఇంతకాలం నిలిచిన గుణమేమిటో తెలుసుకోవాలనిపించింది.

1980లో విజయవంతమైన ‘లాస్ట్ ఇన్ లవ్’ను గ్రాహం దాదాపు మాట్లాడుతున్నట్టు, నెమ్మదిగా మొదలుపెడతారు, హిచ్‌కాక్ తారస్థాయిలో అందుకోగానే ఆ భావమే ఒక్కసారిగా విప్పారుతుంది. ‘ఆల్ ఔట్ ఆఫ్ లవ్’ చివర ఆయన ఒకే ఊపిరిలో సాగదీసే స్వరం దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. మాటలు చాలా సాదావే, అయితే అది లోపమని నేను అనుకోను. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన వయసులోనే అవి నాకు అర్థమయ్యాయి.

ఈ ప్రభావం ఆ రెండు గొంతుల తేడా వల్ల కలుగుతోందా, లేక బాణీలోనే ఉందా? గిటారు గానీ పియానో గానీ వాయించేవారు ఒక్క పాటనైనా తీసుకుని, కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల కూర్పులు) ఎక్కడ ఎలా మారుతున్నాయో వివరించగలరా? అలాగే, గొంతు నొక్కిపట్టకుండా తారస్థాయిలో పాడడానికి మా అమ్మాయి ఏ సాధనతో మొదలుపెట్టాలో కూడా దయచేసి చెప్పండి.