ఉపవాసం తప్పదు, కూలి మాత్రం అందదు: దేవుడు దీన్ని విధేయత అంటాడా?

ప్రశ్న (పలాస నుంచి):
అందరికీ ప్రభువు పేరిట వందనములు. నేను ఇక్కడ ఒక జీడిపప్పు కార్ఖానాలో లెక్కలు రాస్తాను. మా యజమానిదీ నాదీ ఒకే సంఘం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు నలభై రోజులూ ఆయన పగలు ఏమీ ముట్టరు, శుక్రవారపు ఉపవాస కూడికను తమ ఇంట్లోనే జరిపిస్తారు, సంఘానికిచ్చే దశమభాగాన్ని, అంటే ఆదాయంలో పదవ వంతును, పైసాతో సహా లెక్కగట్టి నా చేతనే కవరులో పెట్టిస్తారు. ఆ కవరు ఉండే బీరువాలోనే కూలి పుస్తకమూ ఉంటుంది. జీడి రసానికి వేళ్లు నల్లబడిన ఆడవాళ్లకు ఇవ్వవలసిన పోయిన నెల బాకీ అందులో అలాగే నిలిచి ఉంది. ఇదంతా చూశాక నాకే ప్రార్థన మీద మనసు పోవడం లేదు. మనసు లేకుండా మోకరించడం వేషధారణే అయినప్పుడు, మానుకోవడమే నిజాయితీ కాదా?

జవాబు (బొబ్బిలి నుంచి):
సోదరా, మీరు చెప్పినది బైబిలులో యెషయా గ్రంథం 58వ అధ్యాయంలో దాదాపు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. మేము ఉపవాసముంటే నీవెందుకు చూడవని జనం దేవుణ్ణి అడిగినప్పుడు, ఉపవాస దినాన కూడా మీ వ్యాపారం మీరు చూసుకుంటూ పనివారిని పీడిస్తున్నారనే జవాబు వచ్చింది. దేవుడు అక్కడ ఉపవాసాన్ని రద్దు చేయలేదు. కాడిమాను విరగగొట్టడం, ఆకలిగొన్నవానికి ఆహారం పెట్టడం తనకిష్టమైన ఉపవాసమన్నాడు. కూలి సంగతి ధర్మశాస్త్రంలో ఇంకా సూటిగా ఉంది: సూర్యుడు అస్తమించకముందే ఇచ్చివేయాలని ద్వితీయోపదేశకాండము 24:15 చెబుతుంది. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4లో ఉంది. ఈ వాక్యాల మీద శ్రమకాలంలో ప్రసంగాలు ఎందుకో తక్కువగానే వినిపిస్తాయి.

జవాబు (విజయనగరం నుంచి):
పై సోదరుని మాటతో ఏకీభవిస్తున్నాను, కానీ అడిగినవారి రెండవ సంగతిని ఎవరూ ముట్టుకోలేదు. మనసు పోకపోవడం వేరు, వేషధారణ వేరు. పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదవ వంతు చెల్లిస్తూ న్యాయాన్నీ కనికరాన్నీ విడిచిపెట్టినవారిని గద్దించినప్పుడు కూడా యేసు వాటిని మానకుండా వీటిని చేయవలసిందన్నాడే గాని దశమభాగం మానమనలేదు (మత్తయి 23:23). మత్తయి 21లో ఇద్దరు కుమారుల ఉపమానం ఉంది: ద్రాక్షతోటకు పోనని ముఖం మీదే చెప్పిన మొదటివాడు పశ్చాత్తాపపడి వెళ్లాడు, పోదునయ్యా అన్నవాడు వెళ్లలేదు. మొదటివాడికి తోటలో ఉత్సాహం కలిగిందో లేదో ప్రభువు చెప్పలేదు, వెళ్లాడనే చెప్పాడు. హృదయపూర్వకమైన విధేయతను మనం కూడికలో పొంగే భావోద్వేగంతో కొలుస్తున్నామని నా అనుమానం. ప్రార్థన మానకండి, మనసు రావడం లేదన్న మాటే దేవునితో చెప్పండి, కీర్తనకారులు అలా మొరపెట్టుకున్నారు.

జవాబు (టెక్కలి నుంచి):
భావాన్ని మరీ పక్కకు నెట్టవద్దు. ఆస్తి అంతా పంచిపెట్టినా ప్రేమ లేకుంటే ప్రయోజనం లేదని 1 కొరింథీయులకు 13:3 అంటుంది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. అయితే ఆదివారం ఆ కవరును సంఘానికి తీసుకెళ్లేది నేనే. ఏం చేయమంటారు?

జవాబు (బొబ్బిలి నుంచి):
మత్తయి 5:23–24 ప్రకారం బలిపీఠం దగ్గరే కానుక విడిచిపెట్టి, ముందు సహోదరునితో సమాధానపడవలసినది మీ యజమానే గనుక, ఆ సంగతి ఆయనకే చెప్పాలి. మత్తయి 18:15 చెప్పినట్టు ఒంటరిగా, శనివారమే, కూలి పుస్తకం ఆయన ముందు తెరిచి మాట్లాడండి. మీ ఉద్యోగానికి ముప్పు రావచ్చు కాబట్టి సంఘ పెద్దల్లో ఒకరికైనా ముందుగా తెలియజేయండి, కూడికలో మాత్రం ఆయన పేరు ఎత్తకండి.